సెకనుకు వేయి మినుకులు

రాత్రి పొద్దుపోయిన తరువాత రేడియో ముందు కూర్చుండి మీట త్రిప్పువారికి ఒక కూత బాగుగా పరిచితము. రెండు దూరపు కేంద్రముల తరంగములు దగ్గరదగ్గరగా వచ్చి ఒకదానిపై నొకటి పడినప్పుడు, సంగీతము నడుమ సన్నగా 'కూయ్' మని ఒక ధ్వని పుట్టును. అది పాడువాని గొంతు కాదు. ఏ కేంద్రమువారును పంపినది కాదు. ఒక తరంగము సెకనుకు పది లక్షల మార్లును, రెండవది పది లక్షల వేయి మార్లును ఊగుచున్నచో, ఆ మిగిలిన వేయియే మనకు కూతగా వినబడును. రెండు సంఖ్యల భేదమే ధ్వనియైనదన్నమాట.

ఈ కూతను మొదటనే తలచుటకు కారణము కలదు. ఆకాశమున కొన్ని నక్షత్రములు ఎక్స్ కిరణములతో సెకనుకు వేయి మార్లకు పైగా మినుకుమనుచున్నవని 1996లో తెలిసినప్పుడు, శాస్త్రజ్ఞులలో చాలమందికి నచ్చిన వివరణము సరిగా ఇట్టి కూత వంటిదే. ఆ వివరణము ఎంత ముచ్చటగా నుండెనో, పిదప ఎట్టి చిక్కులలో పడెనో తెలిసికొనుట ఆ మినుకులను గూర్చి తెలిసికొనుటతో సమానము.

ముందుగా ఒక భ్రమను తొలగింపవలసియున్నది. సెకనుకు వేయి మార్లు అనగానే అది ఎక్స్ కిరణముల సొంత తరంగసంఖ్య యని తలపరాదు. ఎక్స్ కిరణములు వెలుతురు జాతివే. వాని తరంగములు సెకనుకు కోటి కోట్లకు పదివేల రెట్లు ఊగుచుండును. రేడియోలో జరుగునదే ఇచ్చటను జరుగుచున్నది. మధ్యతరంగ కేంద్రము పంపు తరంగము సెకనుకు ఏడెనిమిది లక్షల మార్లు ఊగినను మన చెవికి దానితో నిమిత్తము లేదు. గాయని కంఠము ఆ తరంగపు బలమును హెచ్చించుచు తగ్గించుచు నుండును. ఆ హెచ్చుతగ్గులే మనకు పాట. నక్షత్రముల విషయమున ఎక్స్ కిరణము మోసికొని వచ్చు తరంగము వంటిది. దాని వెలుగులోని హెచ్చుతగ్గులు పాట వంటివి. మేము చెప్పబోవునది ఆ పాటను గూర్చియే.

వైశాఖ జ్యేష్ఠ మాసములలో రాత్రి తొమ్మిది పది గంటల వేళ దక్షిణపు దిక్కుగా చూచినచో వృశ్చికరాశి కొండి సహా కనబడును. నడుమ ఎఱ్ఱనిది జ్యేష్ఠ. దానికి పడమరగా నిలువు వరుసలో నున్న మూడు చుక్కలు అనూరాధ. ఆ వరుసలో ఉత్తరపు కొననున్న చుక్కకు మరికొంచెము ఉత్తరముగా, మన కంటికి ఏమియు లేదని తోచు చోట, సూర్యుని విడిచినచో ఆకాశమంతటిలోను ఎల్లప్పుడును అత్యంత ప్రకాశముగా ఎక్స్ కిరణములను వెదజల్లు మూలమొకటి యున్నది. దాని పేరు స్కార్పియస్ ఎక్స్-1. దూరము సుమారు 9,000 కాంతి సంవత్సరములు. ఎక్స్ కిరణములు మన వాతావరణమును చొచ్చి నేలను చేరలేవు గనుక, రాకెట్టు యుగము వచ్చువరకు ఇట్టిదొకటి కలదని ఎవ్వరికిని తెలియదు. 1962 జూన్ 18 రాత్రి అమెరికాలోని న్యూ మెక్సికో ఎడారినుండి రికార్డో జకోని, బ్రూనో రోసీ మొదలగువారు ఒక చిన్న రాకెట్టును ఎగురవేసిరి. వారు వెదకినది చంద్రునినుండి ఎక్స్ కిరణములు వచ్చునా యని. వాతావరణముపైన రాకెట్టు గడపినది నిమిషముల లెక్క. ఆ కొద్దిపాటి సమయములో చంద్రుని ఊసు తేలలేదు కాని, వేరొక దిక్కునుండి కిరణములు కుమ్మరించినట్లు వచ్చినవి. జకోనికి 2002లో నోబెల్ బహుమానమున భాగము లభించుటకు ఆ రాత్రియే నాంది.

హైదరాబాదువారు గర్వింపదగిన విషయమొకటి ఇచ్చట చెప్పక పోజాలము. 1960 దశకము చివరి భాగమున బొంబాయిలోని టాటా మూలపరిశోధన సంస్థవారు హైదరాబాదునుండి పెద్ద పెద్ద బెలూనులను ఎగురవేసి, వానికి ఎక్స్‌రే పరికరములను వ్రేలాడగట్టి, ఈ వృశ్చికపు మూలమును పరిశీలించిరి. బెలూను రాకెట్టంత ఎత్తు పోజాలదు; అందుచేత మిక్కిలి శక్తిగల కిరణములే దానికి దొరకును. అయినను రాకెట్టు నిమిషములు నిలువగా బెలూను గంటలు నిలుచును. ఆ వెలుగు నిలకడగా నుండక మారుచుండుట వారును గమనించిరి.

ఇంతకును ఆ మూలములేవి? 1970 డిసెంబరు 12న, కెన్యాదేశపు స్వాతంత్ర్యదినమున, ఆ దేశపు తీరమునకు సమీపమున సముద్రమునందలి వేదికనుండి 'ఉహురు' అను ఉపగ్రహము ఎగిరెను. స్వాహిలీ భాషలో ఉహురు అనగా స్వాతంత్ర్యము. ఆకాశమంతయు తిరుగవేసి ఎక్స్ కిరణముల మూలములకు మొట్టమొదటి పట్టికను వ్రాసినది అదియే. సెంటారస్ ఎక్స్-3 అను మూలము 4.8 సెకనులకొకమారు గడియారమువలె స్పందించుచున్నదనియు, రెండు దినములకొకమారు గ్రహణము పట్టినట్లు మాయమగుచున్నదనియు అది కనిపెట్టెను. మాయమగుటకు అర్థము స్పష్టమే: ఆ మూలము ఒంటరిది కాదు, ఒక పెద్ద నక్షత్రము చుట్టు తిరుగుచు దాని వెనుకకు పోవుచున్నది. కొన్ని సెకనులకొకమారు బొంగరమువలె తిరుగుచును చెదరిపోకుండవలెనన్నచో, ఆ తిరుగు వస్తువు చాల చిన్నదియు చాల బరువైనదియు కావలెను.

అట్టి వస్తువు కాగితముపై అంతకు ముందే పుట్టియున్నది. 1932లో ఛాడ్విక్ న్యూట్రాన్ కణమును కనుగొనెను. రెండేండ్లు తిరుగకమునుపే, 1934లో, బాడే, జ్విక్కీ అనువారు పెద్ద నక్షత్రములు ప్రేలిపోయినప్పుడు వాని నడిమి భాగము కుదించుకొనిపోయి వట్టి న్యూట్రానుల ముద్దయై మిగులవచ్చునని చెప్పిరి. వినినవారు నమ్మనులేదు, కాదనను లేదు. 1967లో కేంబ్రిడ్జిలో పరిశోధన చేయుచుండిన విద్యార్థిని జోసెలిన్ బెల్ రేడియో తరంగములతో స్పందించు పల్సారును కనుగొనిన తరువాతనే ఆ ఊహకు ప్రాణము వచ్చెను. న్యూట్రాన్ నక్షత్రమున సూర్యునికంటె హెచ్చైన ద్రవ్యము ఇమిడియుండును; అయినను దాని అడ్డుకొలత ఇంచుమించు 24 కిలోమీటర్లు. బెజవాడలో బయలుదేరినవాడు గుంటూరు చేరకమునుపే దానిని దాటిపోవును. ఆ పదార్థము ఆవగింజంత తెచ్చి తూచినచో లక్షల టన్నులు తూగును. అట్టి సాంద్రతను భూమిమీద ఏ ప్రయోగశాలలోను నక్షత్రమంత నిలకడగా సృష్టింపజాలము. ఆ పదార్థము లోపల ఎట్లున్నదో తెలియవలెనన్నచో నక్షత్రపు కొలతలు తెలియవలెను. కొలతలు తెలియుటకు ఈ మినుకులే దారి చూపునేమో యను ఆశయే ఇన్నేండ్లుగా ఇందరిని ఈ పనికి కట్టిపడవేసినది.

జంటలోని రెండవ నక్షత్రము సాధారణమైనది. అవి రెండును ఎంతో దగ్గరగా నుండుటచే న్యూట్రాన్ నక్షత్రము తన తోడు నక్షత్రపు పై పొరలలోని వాయువును లాగికొనుచుండును. ఆ వాయువు తిన్నగా వచ్చి పడదు. తొట్టి అడుగున తూము తీసినప్పుడు నీరు సుడి తిరుగుచు దిగునట్లు, అదియు సుడి తిరుగుచు చక్రముగా ఏర్పడి మెల్లమెల్లగా లోనికి జారును. జారినకొలది వేడెక్కును, కోటి డిగ్రీల వేడికి వచ్చినప్పుడు వెలువడునవి ఎక్స్ కిరణములే. ఒక గ్రాము ఉదజని కలిసిపోయి హీలియమగునప్పుడు వెలువడు శక్తికంటె, అదే గ్రాము న్యూట్రాన్ నక్షత్రముపై పడునప్పుడు వెలువడు శక్తి సుమారు ఇరువది రెట్లు హెచ్చు. సూర్యుని వెలిగించునది అణుశక్తి యని మనము ఆశ్చర్యపడుదుము. ఇచ్చట కేవలము క్రిందపడుటయే అంతకంటె గొప్ప కొలిమియైనది.

ఇప్పుడు సుడి ఎంత వడిగా తిరుగునో చూడవలెను. సూర్యునికి దగ్గరైన గ్రహము వడిగా తిరుగునని మనకు తెలియును. భూమికి ఏడాది పట్టగా బుధునికి 88 దినములు చాలును. అదే సూత్రమును న్యూట్రాన్ నక్షత్రము వరకు దింపుడు. సూర్యునికి 1.4 రెట్లు బరువుగల న్యూట్రాన్ నక్షత్రపు కేంద్రమునుండి 20 కిలోమీటర్ల దూరమున తిరుగు వాయుఖండము సెకనుకు సుమారు 770 ప్రదక్షిణములు చేయవలెను. 15 కిలోమీటర్ల దూరమున నైనచో సెకనుకు సుమారు 1,180. అప్పుడు దాని వేగము సెకనుకు లక్ష కిలోమీటర్లు మించును. అనగా వెలుతురు వేగములో మూడవవంతుకు పైన. ఇది లెక్క. లెక్కవేయుటకు న్యూటను చాలును. ఆ చక్రపు లోపలి అంచున ఏ కొంచెము హెచ్చుతగ్గున్నను, దాని జాడ ఎక్స్ కిరణములలో సెకనుకు వేయి మార్ల లయతో కనబడవలెను. కాని వేయవ వంతు సెకనులో జరుగుదానిని పట్టు పరికరమేది?

అట్టి పరికరము వచ్చుటకు చాలకాలము పట్టెను. నడుమ ఒక మజిలీ కలదు. 1985లో యూరపువారి ఎక్సోసాట్ ఉపగ్రహముతో వాన్ డెర్ క్లిస్ అను డచ్చి శాస్త్రజ్ఞుడును, అతని సహచరులును జిఎక్స్ 5-1 అను మూలమున సెకనుకు 20 మొదలు 40 వరకు స్పందనలను కనుగొనిరి. అవి పల్సారు స్పందనల వంటివి కావు. పల్సారు మంచి శ్రుతిపెట్టె వంటిది. ఏ వేళ విన్నను అదే శ్రుతి. ఈ క్రొత్తవి క్రొత్తగా పాట నేర్చుకొను పిల్లవాని షడ్జమము వంటివి. ఒకచోట నిలువక అటునిటు జరుగుచుండును. మూలము వెలుగు హెచ్చినకొలది శ్రుతియు హెచ్చుచుండును. కనుకనే వీనికి 'ఇంచుమించు నియతమైన స్పందనలు' అని పేరు పెట్టిరి. పేరు కొంచెము బెదురుతో పెట్టినట్లున్నదని మాకు తోచును గాని, ఇంతకంటె నిజమైన పేరు పెట్టుటయు కష్టమే.

1995 డిసెంబరు 30న అమెరికావారు ఎగురవేసిన ఉపగ్రహమునకు, 1993లో మరణించిన ఆ బ్రూనో రోసీ పేరే పెట్టిరి. రోసీ ఉపగ్రహము ఆకాశమును బొమ్మ తీయజాలదు. నక్షత్రమును చుక్కగా గూడ చూపజాలదు. దాని నేర్పంతయు రెండు విషయములలోనే: వెడల్పైన పాత్రవలె కిరణములను విస్తారముగా పట్టుట, ప్రతి కిరణకణము వచ్చిన క్షణమును సెకనులో పది లక్షలవ వంతు వరకు గుర్తించుట.

అయినను మినుకు కంటికి కనబడునని తలపరాదు. చాల మూలములనుండి ఒక మినుకు పట్టునంతసేపటిలో ఆ పాత్రలో పడునవి ఒకటి రెండు కణములే. ఒకటి రెండు కణములను చూచి వెలుగు హెచ్చినదో తగ్గినదో ఎవడు చెప్పగలడు? రేకుల కప్పుపై చినుకులు పడుచున్నప్పుడు ఏ రెండు చినుకుల నడుమ ఎంత ఎడమున్నదో విని లాభము లేదు. కాని గంటసేపు ప్రతి చినుకునకు వేళ వ్రాసి పెట్టుకొని, సెకనుకు ఇన్ని మార్లను లయ ఏదైనను ఇందులో దాగియున్నదా యని ఒక్కొక్క లయనే వరుసగా ప్రయత్నించి చూచినచో, నిజముగా దాగియున్న లయవద్ద మొత్తము పెరుగును. ఫ్రెంచి గణితజ్ఞుడు ఫూరియే నేర్పిన పద్ధతికి సారాంశమిదే. రేడియో ముల్లును పట్టీపై ఒక కొననుండి మరియొక కొనకు నడుపుచు కేంద్రములను వెదకుటకును దీనికిని భేదము స్వల్పము. పట్టీ పొడవునా గరగర. ఒకచోట మాత్రము గరగరను మించి ఏదియో ఉబ్బియుండును. అదియే కేంద్రము.

ఉపగ్రహము ఎగిరి రెండు నెలలు కాకమునుపే, 1996 ఫిబ్రవరిలో, ముల్లు అట్టి ఉబ్బులవద్ద ఆగెను. స్కార్పియస్ ఎక్స్-1లో సెకనుకు సుమారు 1,100 మినుకులు. మూలా నక్షత్రమునకు సమీపముననే యున్న 4యు 1728-34 అను మూలములోను అటువంటివే. (ఈ పేరునకు జడియవలదు, ఉహురు నాల్గవ పట్టికలో ఆకాశపు ఫలాన వీథి, ఫలాన ఇంటి నంబరు అని దాని అర్థము.) మరియొక విశేషము: ఉబ్బు ఒకటిగా గాక తరచు రెండుగా, జంటగా కనబడును. పైదియు క్రిందిదియు కలిసి పైకి జరుగును, కలిసి క్రిందికి దిగును. నేటికి ఇరువదికి పైగా న్యూట్రాన్ నక్షత్రములలో ఈ జంటలు దొరకినవి. పై ఉబ్బు ఎంత హెచ్చినను సెకనుకు 1,300 ప్రాంతము దాటుట అరుదు.

పై ఉబ్బు చక్రపు లోపలి అంచు ప్రదక్షిణ సంఖ్యయే యని ఒప్పుకొన్నచో ఎంత లాభమో చూడుడు. సెకనుకు 1,200 ప్రదక్షిణలు చేయు వాయుఖండము, నక్షత్రము సూర్యునికి 1.4 రెట్లు బరువైనచో, కేంద్రమునుండి 15 కిలోమీటర్ల లోపుననే యుండవలెను. నక్షత్రము ఆ త్రోవకు లోపలనే యుండవలెను గదా! కాబట్టి నక్షత్రపు వ్యాసార్ధము 15 కిలోమీటర్లకు మించరాదు. వేల కాంతి సంవత్సరముల దూరమున, ఏ దూరదర్శినికిని బింబముగా కనబడని వస్తువునకు ఇది కొలబద్ద. న్యూట్రానుల ముద్ద మెత్తనిదైనచో నక్షత్రము చిన్నదగును, గట్టిదైనచో పెద్దదగును. ఎంతో గట్టిదని చెప్పు సిద్ధాంతములు కొన్ని ఈ కొలబద్దకు తట్టుకొనజాలవు.

ఇంతేకాదు. ఐన్‌స్టైను సిద్ధాంతము ననుసరించి, మిక్కిలి బరువైన వస్తువునకు ఒక హద్దుకంటె దగ్గరగా ఏదియు నిలకడగా తిరుగజాలదు. హద్దు దాటినది జారి పడిపోవలసినదే. న్యూటను లెక్కలో ఇట్టి హద్దు లేనేలేదు. పైన చెప్పిన నక్షత్రమునకు ఆ హద్దు కేంద్రమునుండి 12 కిలోమీటర్ల చిల్లర దూరమున నుండును. వెలుగు పెరుగుచున్నను శ్రుతి ఒకచోట ఆగిపోయినచో, చక్రము ఆ హద్దును తాకినదని గ్రహింపవచ్చును. 1998లో 4యు 1820-30 అను మూలమున 1,060 ప్రాంతమున శ్రుతి ఆగిపోయినదని కొందరు ప్రకటించిరి. వెలుగును లోపలి అంచు దూరమునకు గుర్తుగా తీసికొనవచ్చునా యని ఇతరులు సందేహించిరి. ఒకే వెలుగునకు ఒకనాడొక శ్రుతి, మరునాడు వేరొక శ్రుతి ఉండుట తెలిసినదే కదా! సందేహమే బలమైనదని మా అభిప్రాయము.

ఇక కూత కథకు వత్తము. 4యు 1728-34 కొన్ని గంటలకొకమారు భగ్గున మండును. నక్షత్రముపై పేరుకొన్న కొద్ది మీటర్ల మందము ఇంధనము ఒక్కుమ్మడిగా అంటుకొని, ఒక సెకనులో వెలుగు శిఖరమునకెక్కి, పది ఇరువది సెకనులలో చల్లారును. ఇట్టి మంటలు 1975లోనే తెలిసినవి. కాని ఆ మంటలో సెకనుకు 363 మినుకుల లయ యున్నదని రోసీ ఉపగ్రహము చూపెను. మంట నక్షత్రమంతయు ఒకేమారు అంటుకొనదు. ఒకచోట రాజుకొని వ్యాపించును. ఆ వేడి మచ్చ నక్షత్రముతోపాటు తిరుగుచు మనవైపు వచ్చుచు పోవుచు నుండుటచే వెలుగు మినుకుమనును. కాబట్టి 363 అనునది నక్షత్రపు భ్రమణ సంఖ్య. మంట చల్లారుచున్నప్పుడు ఈ శ్రుతి ఒకటి రెండు మెట్లు హెచ్చును. గిరగిర తిరుగు నర్తకి చాచిన చేతులను దగ్గరకు తీసికొన్నప్పుడు వడి హెచ్చునట్లు, వేడికి ఉబ్బిన పొర చల్లారి దిగుటచే వడి హెచ్చునని మొదట చెప్పిన కారణము. అదియొక్కటే చాలునా యనుటలో ఇంకను వాదమున్నది.

ఇప్పుడు జంట ఉబ్బుల నడుమ ఎడమును కొలిచి చూచిరి. 4యు 1728-34లో అది సుమారు 355! నక్షత్రపు భ్రమణము 363. ఈ పొంతన చూచినప్పుడు ఆ శాస్త్రజ్ఞులకు కలిగిన ఆనందమును ఊహించుకొనవచ్చును. గడియారములో పెద్దముల్లు పన్నెండు గంటలలో పన్నెండు మార్లు తిరుగును, చిన్నముల్లు ఒకమారు తిరుగును. అవి రెండును కలిసికొనునది పదకొండు మార్లు. అట్లే చక్రపు లోపలి అంచున వాయుఖండము సెకనుకు 1,100 మార్లు తిరుగుచు, నక్షత్రము అదే దిశగా 363 మార్లు తిరుగుచున్నచో, నక్షత్రముపై ఒక చోటునకు ఆ ఖండము ఎదురుపడునది 737 మార్లు. పై ఉబ్బు ప్రదక్షిణము, క్రింది ఉబ్బు ఎదురుపాటు, రెండింటి భేదము భ్రమణము. రేడియో కూత సాక్షాత్తు ఆకాశమున దొరకినది.

చిక్కు వెంటనే వచ్చినది. కూత సిద్ధాంతము నిజమైనచో ఎడము ఎన్నడును మారరాదు. నక్షత్రము తన భ్రమణమును దినమునకొకరీతిగా మార్చుకొనదు గదా. కాని 1997 నాటికే స్కార్పియస్ ఎక్స్-1లో శ్రుతి హెచ్చినకొలది ఎడము 300 పైచిలుకునుండి క్రమముగా తగ్గుట కనబడెను. 4యు 1636-53 అను మరియొక మూలమున మంటల మినుకులు 581. ఉబ్బుల ఎడమేమో దానిలో సగము ప్రాంతమున మాత్రమే. అప్పుడు కొందరు, నక్షత్రమున ఎదురెదురుగా రెండు వేడి మచ్చలున్నవనియు, అందుచేత 581 భ్రమణము గాక దానికి రెట్టింపనియు సర్దిచెప్పిరి. మంటల లయ నిజముగా భ్రమణమేనా, లేక దానికి రెట్టింపా? దీనిని తేల్చుటకు భ్రమణ సంఖ్య ముందుగనే నిస్సంశయముగా తెలిసిన నక్షత్రము కావలెను.

అట్టి నక్షత్రము ధనూరాశిలో దొరకెను. శాక్స్ జె1808 అను మూలము కొన్నేండ్లకొకమారు మేలుకొని కొన్ని వారములు వెలిగి మరల నిద్రించును. 1998 ఏప్రిలులో మేలుకొన్నప్పుడు వైనాండ్స్, వాన్ డెర్ క్లిస్ అనువారు దానిలో శ్రుతిపెట్టె వంటి నిలకడగల స్పందనలను కనిపెట్టిరి, సెకనుకు 401. ఐదు శ్రుతిలో పాడు గాయని తారస్థాయి షడ్జమమునకు ఇది ఇంచుమించు సమము. తన తోడు నక్షత్రముతో కలిసి అది రెండు గంటలకొక ప్రదక్షిణము చేయుచున్నది. మన బెజవాడ-గుంటూరుల లెక్కలో ఇముడు గోళము సెకనుకు 401 మార్లు తనచుట్టు తాను తిరుగుచున్నది.

2002 అక్టోబరులో అది మరల మేలుకొన్నప్పుడు రెండు విషయములు ఒకేమారు తేలినవి. అప్పుడు మండిన మంటలలోని లయయు 401. కాబట్టి మంటల లయ భ్రమణమే, రెట్టింపు కాదు. అదే వెలుగులో జంట ఉబ్బులును కనబడినవి. వాని ఎడము సుమారు 195, భ్రమణములో సగము. ఒక చేత బహుమానమిచ్చి రెండవ చేత లాగికొన్నట్లైనది. కూత యైనచో ఎడము 401 కావలెను. సగము కూత అనునది లేదు. మెల్లగా తిరుగు నక్షత్రములలో ఎడము భ్రమణమునకు సమమనియు, వడిగా తిరుగువానిలో సగమనియు కొంతకాలము చెప్పుకొనిరి. 2007లో మెండెజ్, బెల్లోనీ అను ఇరువురు అన్ని మూలముల లెక్కలను ఒకచోట చేర్చి చూచి, ఎడమునకు భ్రమణముతో అసలు సంబంధమే లేకపోవచ్చునని వాదించిరి. స్టెల్లా, వియెత్రి అను ఇటలీవారు అంతకు ముందే వేరొక మార్గము చూపియుండిరి: త్రోవ కొంచెము కోడిగ్రుడ్డు ఆకారముగా నున్నచో, ఐన్‌స్టైను చెప్పినట్లు ఆ త్రోవయే మెల్లగా తిరుగును, క్రింది ఉబ్బు ఆ తిరుగుడు గుర్తు అని. శ్రుతి హెచ్చినప్పుడు ఎడము తగ్గుట ఇందులో సహజముగానే వచ్చును. అయినను అన్ని మూలములకును, అన్ని వేళలకును సరిపడు వివరణము నేటికిని స్థిరపడలేదు. పై ఉబ్బు ప్రదక్షిణ సంఖ్యయే యనుటలో మాత్రము పెక్కుమంది ఏకీభవింతురు. 15 కిలోమీటర్ల కొలబద్ద ఆ ఒక్క ఊతమీదనే నిలిచియున్నది.

401 సంఖ్య వేరొక పాత వాదమును తీర్చినది. 1982లో సెకనుకు 642 మార్లు తిరుగు రేడియో పల్సారు కనబడినప్పుడు, ముసలి నక్షత్రమున కింత వడి ఎక్కడిదని అందరును విస్తుపోయిరి. బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థలో నుండిన రాధాకృష్ణన్, శ్రీనివాసన్ అనువారు ఆ యేడే కారణము చెప్పిరి: అది ఒకప్పుడు జంటలో నుండి, తోడు నక్షత్రపు వాయువు సుడిగా వచ్చి తగిలి తగిలి దానిని త్రిప్పినదని. కుమ్మరి సారెను కఱ్ఱతో త్రిప్పినట్లన్నమాట. వాయువు తగులుచుండగా వడిగా తిరుగుచున్న నక్షత్రమును కంటితో చూపుమనువారికి 1998 నాటి 401 సమాధానమైనది. 2013లో ఎమ్ 28 అను నక్షత్రగుచ్ఛములో నొకటి, వాయువు పడునప్పుడు ఎక్స్ కిరణములతోను, ఆగినప్పుడు రేడియో తరంగములతోను, వారముల వ్యవధిలో ఈ రెండు వేషములను మార్చుచు పట్టుపడెను.

రోసీ ఉపగ్రహము 2012 జనవరిలో పని చాలించెను. వడిగల మినుకులను విస్తారమైన పాత్రతో పట్టు పని కొంతకాలము ఆగినట్లైనది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుండి మన ఆస్ట్రోసాట్ ఎగిరెను. అందులో, వెనుక హైదరాబాదునుండి బెలూనులు పంపిన ఆ టాటా సంస్థవారే నిర్మించిన మూడు పెద్ద ఎక్స్‌రే పెట్టెలు, క్సెనాన్ వాయువుతో నిండినవి, ఉన్నవి. శక్తిగల కిరణములను పట్టుటలో అవి రోసీ ఉపగ్రహముకంటె మెరుగైనవి. 2016 మార్చిలో వానిని మూలా నక్షత్రపు పొరుగుననున్న 4యు 1728-34వైపు త్రిప్పిరి. చూచుచుండగనే ఒక మంట లేచినది. అందులో లయ, ఇరువది యేండ్ల క్రిందట వలెనే, 363. ఆ పరిశీలనములోనే ఉబ్బు ఒకటి సెకనుకు 815 వద్ద కనబడి, మెల్లమెల్లగా జరుగుచు 850 వరకు పోయెను.